అందం ఖరీదు మైలుకు ఎన్ని సెంట్లు? - అమెరికాలో సంప్రదాయాకృతి, వాయుగతికాకృతి ట్రక్కుల యాజమాన్య వ్యయం: తులనాత్మక వివరణ

వ్యాస సంగ్రహం:

అమెరికా రహదారులపై సరుకు లాగే భారీ ట్రక్కులు ఆకృతిని బట్టి ప్రధానంగా రెండు రకాలు. మొదటివి పొడవైన, చదరపు బానెట్‌తో నిటారుగా కనిపించే సంప్రదాయాకృతి ట్రక్కులు. రెండోవి గాలిని చీల్చుకుంటూ పోయేలా వాలుగా రూపొందించిన వాయుగతికాకృతి ట్రక్కులు. మొదటి రకానికి అందం, హోదా, మంచి రీసేల్ ధర ఉన్నాయని యజమానులు నమ్ముతారు. రెండో రకం డీజిల్ ఆదా చేస్తుందని పెద్ద రవాణా సంస్థలు చెబుతాయి. ఈ రెండు వాదాల్లోనూ నిజం ఉంది. అయితే ఆ నిజాల పరిమాణం ఎంత అన్నదే ప్రశ్న. గాలి నిరోధం, తరుగుదల, వడ్డీ, మరమ్మతు, పని స్వభావం అనే అంశాల ఆధారంగా ఆ పరిమాణాన్ని లెక్కగట్టే పద్ధతిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సంప్రదాయాకృతి, వాయుగతికాకృతి, గాలి నిరోధం, యాజమాన్య వ్యయం, తరుగుదల, రీసేల్ విలువ, ఓనర్-కమ్-డ్రైవర్, వస్తు సంస్కృతి.

1. ఉపోద్ఘాతం:

వస్తు సంస్కృతిని అధ్యయనం చేసేవారు ఒక వస్తువు రూపాన్నీ, దాని ప్రయోజనాన్నీ విడివిడిగా చూడరు. ఆ రూపం ఎందుకు ఏర్పడింది, ఎవరి అభిరుచి దాన్ని నిలబెట్టింది, దానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అన్న ప్రశ్నలు ఆ అధ్యయనంలో భాగాలే. నాగలికీ, మగ్గానికీ, ఎడ్లబండికీ వేసిన ఈ ప్రశ్నలు ఆధునిక వాహనాలకూ వర్తిస్తాయి. వాటిలో అమెరికన్ ట్రక్కు చక్కని ఉదాహరణ. ఎందుకంటే అక్కడ రూపానికి చెల్లించే మూల్యాన్ని డాలర్లలో, సెంట్లలో లెక్కగట్టవచ్చు.

ఈ రూపం తెలుగు ప్రేక్షకులకు కొత్తది కాదు. 2007లో వచ్చిన 'ట్రాన్స్‌ఫార్మర్స్' చిత్రంలో నాయక పాత్ర ఆప్టిమస్ ప్రైమ్ ధరించిన వాహన రూపం పీటర్‌బిల్ట్ 379. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1977లో వచ్చిన 'స్మోకీ అండ్ ద బ్యాండిట్' చిత్రంలో కనిపించిన ట్రక్కు కెన్‌వర్త్ డబ్ల్యూ 900. రెండూ సంప్రదాయాకృతి ట్రక్కులే. వెండితెర మీద అమెరికన్ ట్రక్కు అనగానే ఈ ఆకృతే మనసులో మెదులుతుంది. కానీ నేడు అక్కడి సుదూర రవాణాలో అధిక సంఖ్యలో తిరుగుతున్నవి ఫ్రైట్‌లైనర్ కాస్కేడియా వంటి వాయుగతికాకృతి ట్రక్కులు. తెరపై రూపానికీ, రహదారిపై రూపానికీ మధ్య ఉన్న ఈ ఎడం వెనుక ఉన్నది ఖర్చు లెక్క.

పరిభాష గురించి ఒక మాట చెప్పుకోవాలి. సరుకు పెట్టెను లాగే ముందు బండిని అమెరికాలో ట్రాక్టర్ అంటారు. మన వాడుకలో ట్రాక్టర్ అంటే పొలం దున్నే యంత్రం. అందువల్ల ఈ వ్యాసంలో లాగే బండిని ట్రక్కు అనీ, వెనుక తగిలించే భాగాన్ని ట్రైలర్ అనీ వ్యవహరించాను.

2. రెండు ఆకృతులు:

సంప్రదాయాకృతి ట్రక్కుకు కొన్ని స్థిరమైన లక్షణాలు ఉన్నాయి. ఇంజన్‌పై పొడవైన, దాదాపు సమతలమైన బానెట్, దానికి ముందు నిలువుగా నిలబడిన రేడియేటర్ జాలీ, బయటకు కనిపించే గాలి శుద్ధి డబ్బాలు, క్యాబిన్‌కు ఇరువైపులా పైకి లేచిన పొగ గొట్టాలు, విడిగా అమర్చిన హెడ్‌లైట్లు, అద్దం పైన ఎండమరుగు, మెరిసే క్రోమ్ బంపర్, కప్పు లేని ఇంధన ట్యాంకులు - ఇవన్నీ కలిసి ఆ రూపానికి గాంభీర్యాన్నిస్తాయి. ముందు ఇరుసు కూడా బాగా ముందుకు, బంపర్‌కు దగ్గరగా ఉంటుంది. 1961లో మొదలైన కెన్‌వర్త్ డబ్ల్యూ 900, పీటర్‌బిల్ట్ 379, దాని తరువాతి 389 ఈ కోవకు చెందినవి.

వాయుగతికాకృతి ట్రక్కులో ఈ లక్షణాలన్నీ తారుమారవుతాయి. బానెట్ ముందుకు వాలుతుంది. అంచులు గుండ్రబడతాయి. హెడ్‌లైట్లు ఒంట్లో కలిసిపోతాయి. గాలి శుద్ధి డబ్బాలు బానెట్ లోపలికి, పొగ గొట్టం క్యాబిన్ వెనక్కి లేదా కిందికి వెళ్తాయి. ఇంధన ట్యాంకులను పక్క తొడుగులు కప్పుతాయి. క్యాబిన్ కప్పు ట్రైలర్ ఎత్తుకు సమానంగా లేస్తుంది. క్యాబిన్‌కూ ట్రైలర్‌కూ మధ్య ఖాళీని పక్క రెక్కలు తగ్గిస్తాయి. కాస్కేడియాతో పాటు కెన్‌వర్త్ టి 680, పీటర్‌బిల్ట్ 579 ఈ వర్గానివి.

కెన్‌వర్త్, పీటర్‌బిల్ట్ రెండూ పాకార్ అనే ఒకే మాతృసంస్థకు చెందినవి. అంటే ఒకే సంస్థ ఏళ్ల తరబడి రెండు ఆకృతులనూ పక్కపక్కనే పెట్టి అమ్మింది. ఇంజన్లు, గేర్‌బాక్సుల్లో ఒకే రకాన్ని రెండింటిలోనూ ఎంచుకునే వీలుంది. కనుక ఈ పోలికలో ప్రధానంగా మారేది ఒంటి రూపమే.

3. చట్టం, చమురు, ఆకృతి:

1970ల వరకు అమెరికాలోని చాలా రాష్ట్రాలు ట్రక్కు, ట్రైలర్ కలిపిన మొత్తం పొడవుపై పరిమితి విధించేవి. మొత్తం పొడవుకు హద్దు ఉన్నప్పుడు బానెట్‌కు ఇచ్చిన ప్రతి అడుగూ సరుకు నుంచి కోసుకున్నదే అవుతుంది. అందువల్ల డ్రైవర్ ఇంజన్‌పైనే కూర్చునే చదును ముఖపు ట్రక్కులకు ఆదరణ ఉండేది. 1982లో వచ్చిన సమాఖ్య ఉపరితల రవాణా సహాయ చట్టం ఈ పరిస్థితిని మార్చింది. జాతీయ రహదారుల వలయంలో మొత్తం పొడవుపై రాష్ట్రాల పరిమితిని తొలగించి, ట్రైలర్ పొడవును మాత్రమే లెక్కలోకి తీసుకుంది. ఆపై బానెట్ పొడవు పెరిగినా సరుకుకు నష్టం లేదు. పొడవు బానెట్ ట్రక్కు సుదూర రవాణాలోకి విస్తరించింది ఈ వెసులుబాటుతోనే.

ఆ వెసులుబాటే రెండో ఆకృతికీ దారి తీసింది. 1973, 1979 చమురు సంక్షోభాల అనుభవం ఇంకా పచ్చిగా ఉన్న కాలమది. 1985లో కెన్‌వర్త్ సంస్థ టి 600 అనే కొత్త నమూనాను విడుదల చేసింది. వాలు బానెట్, వెనక్కి జరిగిన ముందు ఇరుసు దాని ప్రత్యేకతలు. చూపరులు దాన్ని 'చీమలు తినే జంతువు' అని ఎగతాళి చేశారు. ఎగతాళి చేసినవారు రూపాన్ని చూశారు, కొన్నవారు డీజిల్ బిల్లును చూశారు. వాయుగతికాకృతి అక్కడి నుంచి క్రమంగా రహదారిని ఆక్రమించింది.

తరువాతి కాలంలో ప్రభుత్వం కూడా ఈ దిశలోనే కదిలింది. పర్యావరణ పరిరక్షణ సంస్థ 2004లో 'స్మార్ట్‌వే' కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇంధన శాఖ 2010లో 'సూపర్‌ట్రక్' పరిశోధన పథకాన్ని చేపట్టింది. ఆ పథకంలో కమిన్స్, పీటర్‌బిల్ట్ కలిసి రూపొందించిన ట్రక్కు గ్యాలన్‌కు 10.7 మైళ్లు, 2015లో ఫ్రైట్‌లైనర్ ట్రక్కు 12.2 మైళ్లు సాధించాయి. భారీ ట్రక్కులకు హరితగృహ వాయువుల నియమాలు 2011, 2016లలో రెండు దశలుగా వెలువడ్డాయి.

4. గాలి లెక్క:

రహదారిపై సమవేగంతో వెళ్లే ట్రక్కు ప్రధానంగా రెండు నిరోధాలతో పోరాడుతుంది. ఒకటి టైర్లు దొర్లేటప్పుడు కలిగే నిరోధం. ఇది బరువుపై ఆధారపడుతుంది. వేగం పెరిగినా పెద్దగా మారదు. రెండోది గాలి నిరోధం. ఇది బరువుపై ఆధారపడదు. కానీ వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. అంటే వేగం రెండింతలైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి రేటు ఎనిమిదింతలవుతుంది.

దీన్ని అంకెల్లో చూద్దాం. అమెరికాలో సాధారణ అనుమతి ఉన్న గరిష్ఠ బరువు 80,000 పౌండ్లు, అంటే సుమారు 36 టన్నులు. ఈ బరువుతో నిండిన ట్రక్కుకు టైర్ల దొర్లుడు నిరోధ గుణకం 0.006 అనుకుంటే నిరోధ బలం దాదాపు 2,140 న్యూటన్లు. ముందు వైశాల్యం 10 చదరపు మీటర్లు, గాలి నిరోధ గుణకం వాయుగతికాకృతికి 0.60, సంప్రదాయాకృతికి 0.75 అనుకుందాం. ఇవి వివరణ కోసం తీసుకున్న విలువలు. నమూనాను, ట్రైలర్‌ను బట్టి మారతాయి. వీటి ప్రకారం గంటకు 65 మైళ్ల (సుమారు 105 కి.మీ.) వేగంలో:

వాయుగతికాకృతి: గాలి నిరోధం 3,040 న్యూటన్లు, మొత్తం 5,180 న్యూటన్లు.
సంప్రదాయాకృతి: గాలి నిరోధం 3,800 న్యూటన్లు, మొత్తం 5,940 న్యూటన్లు.

ఈ లెక్క నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, వాయుగతికాకృతి ట్రక్కులో సైతం 65 మైళ్ల వేగంలో దాదాపు 59 శాతం శ్రమ గాలిని తోయడానికే పోతోంది. రెండోది, గాలి నిరోధ గుణకంలో 25 శాతం తేడా ఉన్నా మొత్తం శ్రమలో తేడా దాదాపు 15 శాతమే. టైర్ల నిరోధం రెండింటికీ ఒకటే కావడం దీనికి కారణం. ప్రకటనల్లో కనిపించే గాలి నిరోధపు తగ్గుదల శాతాన్ని నేరుగా డీజిల్ ఆదాగా భావించడం పొరపాటు అని దీనివల్ల గ్రహించవచ్చు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇవే విలువలతో సంప్రదాయాకృతి ట్రక్కును 58 మైళ్ల వేగంతో నడిపితే, 65 మైళ్ల వేగంతో వెళ్లే వాయుగతికాకృతి ట్రక్కుకు పట్టేంత శ్రమే దానికీ పడుతుంది. అంటే ఆకృతి పోగొట్టినదాన్ని డ్రైవర్ పాదం తిరిగి తేగలదు. అయితే ఇది ఉచితంగా దొరికేది కాదు. అమెరికా నియమాల ప్రకారం సరుకు డ్రైవర్ రోజుకు గరిష్ఠంగా 11 గంటలు నడపవచ్చు. పూర్తి సమయం నడిపితే 65 మైళ్ల వేగంలో 715 మైళ్లు, 58 మైళ్ల వేగంలో 638 మైళ్లు. మైలుకు ఇంత అని కిరాయి తీసుకునే డ్రైవర్‌కు ఆ 77 మైళ్లు ఆదాయ నష్టమే. డీజిల్‌లో మిగిలినది కాలంలో పోతుంది.

5. యాజమాన్య వ్యయం అంటే ఏమిటి?

కొనుగోలు ధరను యాజమాన్య వ్యయంగా పొరబడటం సాధారణం. నిజానికి కొన్న ధరలో నుంచి అమ్మిన ధర తీసివేయగా మిగిలే తరుగుదల, పెట్టుబడిపై వడ్డీ, ఇంధనం, మరమ్మతులు, టైర్లు, బీమా, బండి ఆగిపోయిన రోజుల నష్టం - ఇవన్నీ కలిస్తేనే యాజమాన్య వ్యయం. కొత్త భారీ ట్రక్కులపై అమెరికా సమాఖ్య ప్రభుత్వం విధించే 12 శాతం ఎక్సైజ్ పన్నును కూడా కొనుగోలు ధరలో కలుపుకోవాలి. ధర ఎక్కువగా ఉన్న బండికి ఈ పన్ను కూడా ఎక్కువే.

అమెరికన్ రవాణా పరిశోధన సంస్థ ఏటా ప్రకటించే నిర్వహణ వ్యయాల నివేదిక ప్రకారం 2023లో ఒక ట్రక్కును మైలు దూరం నడపడానికి సగటున 2.27 డాలర్లు ఖర్చయింది. అందులో డ్రైవర్ వేతనం 77.9 సెంట్లు, ఇంధనం 55.3 సెంట్లు, ట్రక్కు, ట్రైలర్ వాయిదాలు 36 సెంట్లు, మరమ్మతులు 20.2 సెంట్లు. వేతనం తరువాత అతిపెద్ద పద్దు ఇంధనం. ఆకృతి ప్రభావం నేరుగా పడేది ఆ పద్దు మీదే.

6. ఐదేళ్ల ఉదాహరణ లెక్క:

పెట్టె వంటి ట్రైలర్‌తో సుదూర రహదారులపై ఏడాదికి 1,00,000 మైళ్లు తిరిగే ఇద్దరు యజమానులను ఊహిద్దాం. డీజిల్ గ్యాలన్ 4 డాలర్లు. వాయుగతికాకృతి ట్రక్కు గ్యాలన్‌కు 7.5 మైళ్లు, సంప్రదాయాకృతి ట్రక్కు 6.5 మైళ్లు ఇస్తాయనుకుందాం. ఈ నిష్పత్తి పై విభాగంలో తేలిన 15 శాతానికి సరిపోతుంది. పన్నుతో కలిపి మొదటిదాని ధర 1,70,000 డాలర్లు, రెండోదాని ధర 1,90,000 డాలర్లు అనుకుందాం. ఐదేళ్ల తరువాత మొదటిది ధరలో 35 శాతానికి, రెండోది 50 శాతానికి అమ్ముడుపోతాయనీ, వడ్డీ ఏడాదికి 8 శాతమనీ భావిద్దాం. రీసేల్ విషయంలో ఈ ఊహ సంప్రదాయాకృతికి ఉదారంగానే ఉంది.

తరుగుదల: వాయుగతికాకృతికి 1,10,500 డాలర్లు, సంప్రదాయాకృతికి 95,000 డాలర్లు. సంప్రదాయాకృతి యజమానికి 15,500 డాలర్ల లాభం.

వడ్డీ: కొన్న ధర, అమ్మిన ధరల సగటుపై ఐదేళ్లకు లెక్కిస్తే వాయుగతికాకృతికి 45,900 డాలర్లు, సంప్రదాయాకృతికి 57,000 డాలర్లు. ఇక్కడ సంప్రదాయాకృతి యజమానికి 11,100 డాలర్ల నష్టం.

ఇంధనం: ఐదు లక్షల మైళ్లకు వాయుగతికాకృతికి 66,667 గ్యాలన్లు, సంప్రదాయాకృతికి 76,923 గ్యాలన్లు. తేడా 10,256 గ్యాలన్లు, అంటే సుమారు 41,000 డాలర్లు.

రీసేల్‌లో వచ్చిన లాభంలో అధిక భాగాన్ని వడ్డీ మింగివేసిందన్నది ఇక్కడ గమనార్హం. 'ఈ బండి ధర పడిపోదు' అన్న మాట నిజమే. కానీ ధర పడిపోని బండిలో పెట్టుబడి కూడా ఎక్కువ కాలం, ఎక్కువ మొత్తంలో ఇరుక్కుని ఉంటుంది. వడ్డీ పోను చేతికి మిగిలింది 4,400 డాలర్లు. దానికి ఎదురుగా ఇంధనానికి 41,000 డాలర్లు అదనం. నికరంగా సంప్రదాయాకృతి యజమాని ఐదేళ్లలో సుమారు 36,600 డాలర్లు ఎక్కువ భరించాడు. మైలుకు 7.3 సెంట్లు. నెలకు దాదాపు 610 డాలర్లు. అది అక్షరాలా గాలికి పోసిన డబ్బు.

డీజిల్ 3 డాలర్లకు తగ్గితే ఈ భారం మైలుకు 5.3 సెంట్లకు దిగుతుంది. 5 డాలర్లకు పెరిగితే 9.4 సెంట్లకు చేరుతుంది. ఇది ఊహాజనితమైన పెరుగుదల కాదు. 2022 జూన్‌లో అమెరికాలో డీజిల్ సగటు ధర గ్యాలన్‌కు 5 డాలర్లు దాటిపోయింది. మరోవైపు, గ్యాలన్ 4 డాలర్లున్నప్పుడు రీసేల్ ఒక్కదానితోనే ఈ తేడా పూడాలంటే సంప్రదాయాకృతి ట్రక్కు ఐదు లక్షల మైళ్లు తిరిగాక కూడా కొన్న ధరలో దాదాపు 74 శాతానికి అమ్ముడుపోవాలి. సాధారణ మార్కెట్‌లో దీన్ని ఆశించడం కష్టం.

కిరాయి ఒప్పందాల్లో ఉండే ఇంధన సర్‌ఛార్జి ఈ తేడాను మరింత స్పష్టం చేస్తుంది. డీజిల్ ధర ఒక స్థాయిని దాటినప్పుడు సరుకు యజమాని మైలుకు అదనపు మొత్తం చెల్లిస్తాడు. దాన్ని లెక్కించేటప్పుడు ఒప్పందంలో రాసుకున్న ఒక స్థిర మైలేజీని ప్రాతిపదికగా తీసుకుంటారు. బండి నిజంగా ఎంత మైలేజీ ఇస్తుందో అడగరు. ప్రాతిపదిక కన్నా ఎక్కువ మైలేజీ ఇచ్చే బండి యజమానికి ఆ మిగులు దక్కుతుంది. అందువల్ల ఒకే కిరాయికి, ఒకే దారిలో వెళ్లిన ఇద్దరి చేతుల్లో వేర్వేరు మొత్తాలు మిగులుతాయి.

7. పని మారితే లెక్క మారుతుంది:

పై లెక్కను చూసి సంప్రదాయాకృతిని వృథా అని తేల్చివేయడం తొందరపాటు. గాలి లెక్కకు రెండు షరతులున్నాయి. బండి వేగంగా వెళ్లాలి. వెనుక ట్రైలర్ కూడా క్యాబిన్ ఆకృతికి అనుగుణంగా ఉండాలి. ఈ రెండూ లేని పనులు అనేకం. ఎక్స్‌కవేటర్‌ను మోసే లోతట్టు ట్రైలర్, దుంగలు మోసే బండి, పైకప్పు లేని ట్రైలర్‌పై ఎగుడుదిగుడు యంత్ర భాగాలు - ఇటువంటి సందర్భాల్లో క్యాబిన్ ఎంత నునుపుగా గాలిని మళ్లించినా వెనుకనున్న సరుకు దాన్ని చెదరగొడుతుంది. పైగా వేగం తక్కువ, బరువు ఎక్కువ, కొండ దారులు, మట్టి బాటలు. అక్కడ శ్రమలో పెద్ద భాగం బరువును ఎత్తడానికి, ఆపి మళ్లీ కదిలించడానికి పోతుంది.

ఇలాంటి పనిలో వాయుగతికాకృతి గ్యాలన్‌కు 6 మైళ్లు, సంప్రదాయాకృతి 5.8 మైళ్లు ఇస్తాయనీ, ఏడాదికి తిరిగేది 40,000 మైళ్లే అనీ అనుకుందాం. ఐదేళ్లలో ఇంధన వ్యత్యాసం 1,149 గ్యాలన్లు, అంటే సుమారు 4,600 డాలర్లు. తరుగుదల, వడ్డీల లెక్కలో సంప్రదాయాకృతికి మిగిలిన 4,400 డాలర్లతో ఇది దాదాపు సమానం. ఏడాదికి తిరిగే దూరం ఇంకా తగ్గితే సంప్రదాయాకృతే చవక. అదే రెండు బండ్లు, అదే ధరలు. పని మారగానే తీర్పు మారిపోయింది.

భారీ సరుకుల పనిలో సంప్రదాయాకృతికి మరికొన్ని అనుకూలతలు ఉన్నాయి. పెద్ద బానెట్ కింద పెద్ద రేడియేటర్‌కు చోటుంటుంది. వంతెనల రక్షణ కోసం అమెరికాలో అమలవుతున్న సూత్రం ప్రకారం అనుమతించే బరువు ఇరుసుల మధ్య దూరాన్ని బట్టి పెరుగుతుంది. ముందుకు జరిగిన ముందు ఇరుసు ఆ దూరాన్ని పెంచుతుంది. ప్రతికూలతలూ ఉన్నాయి. పొడవు బానెట్ వల్ల ముందు దగ్గరగా ఉన్నది డ్రైవర్‌కు కనబడదు. ఇరుకు సందుల్లో, గోదాముల ఆవరణల్లో మలుపు తిప్పడం కష్టం.

8. మరమ్మతుల గురించిన ఒక అపోహ:

సంప్రదాయాకృతి ట్రక్కుకు మరమ్మతు ఖర్చు తక్కువ అన్న నమ్మకం బలంగా ఉంది. దీనిలో రెండు వేర్వేరు విషయాలు కలగలిసిపోయాయి. ఒకటి సంప్రదాయ ఆకృతి, రెండోది పాత ఇంజన్.

ఆకృతికి సంబంధించినంత వరకు ఈ నమ్మకంలో కొంత నిజం ఉంది. విశాలమైన బానెట్ కింద మెకానిక్ చేతికి చోటు ఉంటుంది. విడి హెడ్‌లైట్, రెండు ముక్కల ముందద్దం చవకగా మార్చుకోవచ్చు. వాయుగతికాకృతి బండిలో పక్క తొడుగులు రాళ్లకూ మంచుకూ పగులుతాయి. ఒంట్లో కలిసిన హెడ్‌లైట్ మొత్తాన్నీ మార్చవలసి వస్తుంది. అయితే క్రోమ్ బంపర్, అల్యూమినియం ట్యాంకుల మెరుపును కాపాడటానికి పట్టే శ్రమను కూడా ఎదురు పద్దులో రాయాలి.

ఇంజన్ సంగతి వేరు. 2007లో పొగలోని మసిని పట్టే వడపోతలు, 2010లో యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే వ్యవస్థలు అమెరికన్ భారీ ఇంజన్లలో ప్రవేశించాయి. నేటి మరమ్మతు బిల్లుల్లో వీటి వాటా గణనీయం. వీటికి ముందు తయారైన ఇంజన్ ఉన్న పాత సంప్రదాయాకృతి ట్రక్కులకు ఈ బెడద లేదు. అదీగాక, 2017 డిసెంబర్ నుంచి అమలైన ఎలక్ట్రానిక్ డ్రైవింగ్ నమోదు నియమం 2000కు ముందు నమూనా ఇంజన్లకు వర్తించదు. అందుకే పాత బండ్లకు గిరాకీ ఉంది. కానీ అది ఇంజన్ వయసుకు వచ్చిన గిరాకీ, బానెట్ పొడవుకు వచ్చినది కాదు. కొత్తగా కొన్న పొడవు బానెట్ ట్రక్కులో కూడా వాయుగతికాకృతి ట్రక్కులో ఉన్న ఆధునిక ఇంజనే, అదే వడపోతే, అదే యూరియా ట్యాంకే ఉంటాయి. పాత రూపాన్ని కొంటే పాత సరళత వెంట వస్తుందనుకోవడం ఈ లెక్కలో అతి ఖరీదైన అపోహ.

9. రూపాభిమానం, జీవనోపాధి:

ఇంత తేడా ఉన్నప్పుడు సంప్రదాయాకృతిని ఇంకా ఎవరు కొంటున్నారు? ప్రధానంగా సొంత బండిని తామే నడుపుకునేవారు. మన ప్రాంతంలో ఓనర్-కమ్-డ్రైవర్ అంటామే, వారు. వేల బండ్లున్న సంస్థకు ట్రక్కు ఒక పద్దు మాత్రమే. ఓనర్-కమ్-డ్రైవర్‌కు అది ఏడాదిలో అధిక భాగం తిని, నిద్రించే ఇల్లు, చేసిన కష్టానికి కంటికి కనిపించే రుజువు. పెద్ద సంస్థల బండ్లన్నీ ఒకే పోలికతో వరుసగా వెళ్తుంటే తన బండి తనదిగా కనిపించాలన్న కోరిక సహజం. కొన్ని చిన్న సంస్థలు మంచి డ్రైవర్లను నిలుపుకోవడానికి సంప్రదాయాకృతి ట్రక్కులను ఇస్తాయి. డ్రైవర్ మానేసినప్పుడు కొత్తవారిని వెతికి, శిక్షణ ఇచ్చే ఖర్చుతో పోలిస్తే ఇది కూడా ఒక లెక్కే.

తయారీ సంస్థలు ఈ అభిమానాన్ని గుర్తించాయి. పీటర్‌బిల్ట్ 389కి వారసురాలిగా 2023లో ప్రకటించిన 589లో క్యాబిన్ వెడల్పు పెరిగినా పొడవు బానెట్‌ను వదలలేదు. కెన్‌వర్త్ మాత్రం ఆరు దశాబ్దాలు దాటిన డబ్ల్యూ 900 ఉత్పత్తిని 2026లో ముగిస్తున్నట్లు ప్రకటించింది. అరుదైపోయే వస్తువుకు ధర పెరగవచ్చు. కానీ ఆ ఆశను కొనుగోలు లెక్కలో ఆదాయంగా రాసుకోవడం వివేకం కాదు.

తెలుగు నేలపై ఈ పోలిక ఇదే రూపంలో కనిపించదు. మన లారీల్లో అధిక శాతం బానెట్ బయటకు రాని చదును ముఖపువి. నాలుగు వరుసల రహదారులపై కూడా సరుకు వాహనాల గరిష్ఠ వేగం గంటకు 80 కి.మీ. పై విలువలనే ఆ వేగానికి అన్వయిస్తే రెండు ఆకృతుల మధ్య తేడా 15 శాతం నుంచి 11 శాతానికి పడిపోతుంది. రద్దీ, టోల్ గేట్లు, ఊళ్ల మధ్య ఆగడాలు కలిస్తే ఇంకా తగ్గుతుంది. అయినా ప్రశ్న మాత్రం ఇక్కడా ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకునే లారీ యజమాని రంగులకూ, అలంకారాలకూ పెట్టే ప్రతి రూపాయీ ఫైనాన్స్ కిస్తీతో పోటీ పడుతుంది. రూపాభిమానానికీ జీవనోపాధికీ మధ్య బేరం అక్కడా ఇక్కడా ఒకటే. అమెరికాలో అధిక వేగం ఆ బేరాన్ని పెద్ద అంకెగా మార్చిందంతే.

10. ముగింపు:

పై చర్చలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. పెట్టె ట్రైలర్‌తో, అధిక వేగంతో, ఏడాదికి లక్ష మైళ్ల స్థాయిలో తిరిగే పనికి వాయుగతికాకృతి స్పష్టంగా చవక. ఉదాహరణ లెక్కలో ఆ తేడా మైలుకు 7.3 సెంట్లు.
2. సంప్రదాయాకృతికి రీసేల్ విలువ ఎక్కువన్నది నిజమే అయినా, ఆ లాభంలో అధిక భాగాన్ని పెట్టుబడిపై వడ్డీ హరిస్తుంది.
3. తక్కువ దూరం, తక్కువ వేగం, ఎగుడుదిగుడు భారీ సరుకులు ఉన్న పనిలో రెండూ సమానమవుతాయి. కొన్నిచోట్ల సంప్రదాయాకృతే మేలు.
4. ఆకృతి కన్నా వేగం ప్రభావం తక్కువేమీ కాదు. 58 మైళ్ల వేగంలో వెళ్లే పొడవు బానెట్, 65 మైళ్ల వేగంలో వెళ్లే వాలు బానెట్ ఒకే శ్రమ కోరతాయి.
5. పాత ఇంజన్‌కు ఉన్న సౌలభ్యాన్ని పాత ఆకృతికి ఆపాదించరాదు.

భారతీయ అలంకార శాస్త్రంలో క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా భావించాడు. అలంకారం దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. తగిన చోట ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. ఎక్స్‌కవేటర్‌ను మోస్తూ కొండెక్కే ట్రక్కుకు పొడవు బానెట్ ఉచితమైన రూపం. లక్ష మైళ్లు గాలితో పోరాడే ట్రక్కుకు అది ఖరీదైన ఆభరణం. ఆ ఆభరణాన్ని ధరించే హక్కు యజమానికి ఉంది. నెలకు 610 డాలర్లని తెలిసి ధరిస్తే అది అభిరుచి. డీజిల్ ఆదా అంతా ప్రచారమేనని, రీసేల్‌లో అంతా తిరిగి వస్తుందని నమ్మి, కిస్తీలపై కొంటే అది అప్పు. ఆ రెండింటి మధ్య తేడాను చూపగలిగేది మైలుకు వేసుకున్న ఖర్చు లెక్క మాత్రమే.